అడగకుండా వినిపించిన గొంతు

పెద్దసారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను తరగతిలో ఉన్నాను. ఆయన బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క చేసింది. "సారు తెల్లారంగ పోయిన్రమ్మా. నీకు చెప్పాలనిపిచ్చింది" అంది. పిల్లలకు లెక్కలిచ్చి కిటికీ దగ్గరికి వెళ్లాను.

డీఎడ్ చదివేటప్పుడు పాఠాలు చెప్పడం నేర్చుకోమని నన్ను కోహీర్ దగ్గరి ఓ చిన్న బడికి పంపారు. జహీరాబాద్‌లో బస్సెక్కి, ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. మొదటి పాఠం సముద్రం. గోడమీద అలలు లేవగానే మూడో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను. ఆ తరగతికి చెప్పేది ఆ బడి హెడ్మాస్టరు, మా పెద్దసారే. పాఠమయ్యాక మెల్లగా అన్నారు: "బొమ్మ మంచిగున్నది బిడ్డా. నువ్వు గోడనే చూసినవ్. జర పిల్లల్ని గూడ చూడు."

తను నేర్చుకోవడానికి మాత్రం ఏ సిగ్గూ పడేవారు కాదు. అన్నం తిన్నాక జేబురుమాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుని బడికి వచ్చిన ట్యాబ్ ముందు నా పక్కన కూర్చునేవారు. తప్పు నొక్కితే "మల్ల చెప్పు" అనేవారు. ఆయన్ను చూసి పిల్లలూ "మల్ల చెప్పున్రి టీచర్" అని అడగడం మొదలుపెట్టారు.

ఒక్క అమ్మాయి మాత్రం నోరు తెరిచేది కాదు. ఇంట్లో కన్నడం మాట్లాడతారు. తెలుగు చదివితే తోటివాళ్లు నవ్వేవారు. సారు సలహా మీద నా ఫోన్ ఆమెకిచ్చి, బడి వెనక ఒక్కత్తే కూర్చుని చదివి రికార్డు చేసుకోమన్నాను. వారం రోజులు పట్టింది. సన్నని గొంతు, పేజీ మొత్తం చదివింది.

మా కాలేజీ మేడం నా పాఠం చూసి మార్కులు వేయడానికి వచ్చిన రోజు ఆ గొంతును స్పీకర్లో పెట్టాను. ఆ పిల్లను అడగలేదు. వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆమె పుస్తకంలో ముఖం దాచుకుంది. మేడం మెచ్చుకుని వెళ్లారు. మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

ఆ సాయంత్రం బడి విడిచాక సారు నన్ను చెరుకు చేల మధ్య నుంచి ఆమె ఇంటికి తీసుకెళ్లారు. తలుపు వెనక నక్కిన పిల్ల ముందు నేలమీద కూర్చున్నారు.

"తప్పు మాది బిడ్డా. నీ గొంతు నీది. నిన్ను అడగకుండ అందరికి వినిపిచ్చినం."

ఆయన తప్పేమీ లేదు. అయినా 'మాది' అన్నారు. నేనూ పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. ఫోన్ చేతికిచ్చి, ఆ రికార్డు చెరిపేయడం ఎలాగో చూపించాను. ఆమే నొక్కింది.

ఇప్పుడు నా తరగతిలో వేలితో తాకితే కదిలే పెద్ద తెర ఉంది. దానిమీద ఏదైనా కొత్త పాఠం చెప్పే ముందు ఆయనకు ఫోన్ చేయడం నాకు అలవాటు. ఈ వారంలో రెండుసార్లు ఆ నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను.

ఎక్కువగా గుర్తొచ్చేది ఆ పిల్ల తిరిగొచ్చిన సోమవారం. ఎవరూ పిలవకుండానే పుస్తకం తెరిచి లేచి నిలబడింది. తన చూపు కూడా ఆమెకు అడ్డు కాకూడదన్నట్టు సారు చప్పుడు కాకుండా బయటికి నడిచారు. ఆమె చదువుతున్నంతసేపూ వరండాలో మావైపు వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త పక్కకు వంచి నిలబడ్డారు. పేజీ అయిపోయాక కూడా వెంటనే ఇటు తిరగలేదు.