పాలు నాన్నకి, రెబ్బలు అమ్మకి

మా ఇంట్లో నీరసానికి ఒకటే మందు. గేదె పాలల్లో వెల్లుల్లి రెబ్బలు వేసి, అవి మెత్తబడేదాకా కాచడం. బందరు పక్క గూడూరు దగ్గర మా పల్లెలో చాలా ఇళ్లలో అదే. ఆ మందు మీద నాకు కోపం లేదు. వడకట్టాక ఎవరికేం దక్కేదో చూస్తేనే ఒళ్లు మండేది.

పాలు నాన్నకి. గుడ్డలో మిగిలిన రెబ్బలు అమ్మకి. "బలమంతా రెబ్బల్లోనే ఉంటదే. నీకే మంచిది దక్కింది," అనేది నాయనమ్మ. అమ్మ తలూపి నమిలేది. గేదెకి గడ్డి కోసేదీ పాలు పితికేదీ అమ్మే, కూర్చుని వెల్లుల్లి ఒలిచేదీ అమ్మే. నాన్న చేసే కష్టమల్లా గ్లాసు ఎత్తడం.

తమ్ముడు పుట్టాక అమ్మ మరీ పాలిపోయింది. నాట్లేస్తూ కళ్లు తిరిగి బురదలో పడిపోతే తోటి ఆడవాళ్లు గట్టు మీదికి మోసుకొచ్చారు. ఆ ఆదివారం గుడిలో సంఘమంతా కళ్లు మూసుకుని అమ్మ బలం కోసం ప్రార్థన చేసింది. ఆమెన్ అనేసి ఇంటికొచ్చి నాన్న పాలు తాగాడు.

చివరికి బందరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి నేనూ వెళ్లాను. డాక్టరమ్మగారు అమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తమే లేదన్నారు.

"ఇలాగే ఉంటే ఈ పిల్లాడికి తల్లి మిగలదు. ఏం పెడుతున్నారు ఈవిడకి?"

"రోజూ వెల్లుల్లి వేసి పాలు కాస్తున్నామండీ," అన్నాడు నాన్న. కాస్తున్న మాట నిజమే. ఆయన మొహంలో కాస్తయినా తడబాటు లేదు.

"తాగేది నాన్నండీ. అమ్మకి రెబ్బలే," అన్నాను.

అమ్మ నన్ను గట్టిగా గిల్లింది. డాక్టరమ్మగారు నాన్నకి చీవాట్లు పెట్టి, మందులు రాసి, పాలూ గుడ్లూ ఆవిడకే పెట్టమన్నారు. తిరుగు బస్సులో నన్ను నాన్న తిట్టలేదు. తిట్టింది అమ్మే. "అందరి ముందూ మీ నాన్న పరువు తీశావు గదే!" చావు అంచున ఉన్న మనిషికి మొగుడి పరువు బెంగ! నాకు ఏడుపు రాలేదు, పళ్లు కొరుక్కున్నాను.

సాయంత్రం పాలు కాగాయి. అమ్మ అలవాటుగా వడకట్టి నాన్న గ్లాసులో పోసింది. నేను ఆ గ్లాసు లాక్కుని ఆమె చేతిలో పెట్టి, తాగేదాకా కదలనని ఎదురుగా కూర్చున్నాను. నాన్న ఇంకా వీధిలోంచి రాలేదు. అమ్మ గుమ్మం వైపు చూసింది, నాయనమ్మ పడుకున్న వసారా వైపు చూసింది. ఆ తర్వాత గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, తాను పితికిన పాలని దొంగతనంగా గడగడా తాగేసింది.