తాల్‌బగీచాలో ఒక ఆర్మ్ బోర్డు

సుచరిత ఉద్యోగం పోయిందని ఎవరూ అనరు. కాన్పుకి సెలవు పెట్టింది, ఈలోగా కాంట్రాక్టు గడువు తీరింది, మళ్ళీ పొడిగించలేదు, అంతే అంటారు. ఇంత మెత్తటి మాటలతో మనుషుల్ని బయటికి పంపడం మన కంపెనీలకు బాగా వచ్చు. ఈ రైల్వే ఊళ్ళోనే, మలంచా పేటలో ఉన్న ఆ చిన్న కంపెనీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తుంది. అందులో మెమరీ కార్డు నుంచి సమాచారం చదివే భాగమంతా సుచరిత రాసిందే. ఇప్పుడామె తాల్‌బగీచాలోని అత్తగారింట్లో పాపను చూసుకుంటూ, సాయంత్రాలు రైల్వే వాళ్ళ పిల్లలకు లెక్కలు చెబుతోంది. భర్త శ్రీచరణ్ గూడ్సు బండ్లు నడుపుతాడు. ఇంట్లో ఉంటే నిద్ర, లేకుంటే డ్యూటీ.

పాప నడుస్తోంది, మాటలు నేరుస్తోంది. సుచరితకు మాత్రం ఆ పని మీద బెంగ తీరలేదు. ఎక్కడో దాక్కున్న తప్పును వెంటాడి వెంటాడి పట్టుకుని, పక్క కుర్చీలోని ఏంజలిన్ వైపు తిరిగి "దొరికిందే" అనే ఆ క్షణం కోసం బెంగ. బీరకాయ చెక్కు తీస్తూ కూడా తన పాత ప్రోగ్రాం వరసల్ని మనసులో దిద్దుకునేది.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, ఇంకా ఆ కంపెనీలోనే పనిచేస్తున్న ఏంజలిన్ నేరుగా వాళ్ళింటికి వచ్చింది. టిఫిను సంచిలోంచి అరచేతిలో పట్టే బోర్డు తీసి బల్ల మీద పెట్టింది. కంపెనీ ఇప్పుడు తన సిస్టమ్‌ని పాత కంప్యూటర్ల మీంచి ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న చవకైన బోర్డుల మీదికి మారుస్తోంది. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళే యంత్రాలవి. బోర్డు లేస్తుంది, కార్డును మొదటి ముక్క అడుగుతుంది, ఇక జవాబు కోసం ఎదురుచూస్తూ అలాగే బిగుసుకుపోతుంది. కార్డులు మార్చినా అంతే.

"ఇక్కడికి తెచ్చినట్టు ఆఫీసులో చెప్పలేదక్కా. చెప్తే ఒప్పుకోరు."

సుచరిత పాపను అత్తగారు బాలాంబకు అందించి, కొంగుతో చేతులు తుడుచుకుని, తన పాత లాప్‌టాప్‌కు బోర్డు తగిలించి కూర్చుంది. ముందు కార్డు సంగతే చూడమని ఏంజలిన్‌కు చెప్పింది. చూస్తే కార్డు తన పని ఎప్పుడో ముగించింది. 'అయిపోయింది' అని సంకేతం కూడా పంపింది. ఇంటరప్ట్ అంటారు దాన్ని. అది ప్రాసెసర్‌కు చేరలేదు, అంతే.

సుచరిత బోర్డు మాన్యువల్ తెరిచింది. కార్డు ఇంటరప్ట్ నంబరు ఇరవై నాలుగు అని ఉంది. ఏంజలిన్ అదే రాసింది. పాత యంత్రాల అలవాటు ఉన్నవాళ్ళెవరైనా అదే రాస్తారు. కానీ ఆర్మ్‌లో మొదటి ముప్పై రెండు నంబర్లు ప్రాసెసర్ల సొంత వాడకానికి. బయటి పరికరాలు వాటి తర్వాత మొదలవుతాయి. మాన్యువల్ ఆ ముప్పై రెంటినీ వదిలేసి లెక్కపెట్టింది.

"ఏటే, ఇందాకట్నుంచి అగ్గిపెట్టెంత దాన్ని సూస్తన్నారు?" అంది గుమ్మంలోంచి బాలాంబ.

ఆమె భర్త గోవిందరావు, బతికున్నన్నాళ్ళూ, డ్రైవర్ల క్వార్టర్లకు సైకిలు మీద వెళ్ళి డ్యూటీకి పిలిచే కాల్‌మ్యాన్. సుచరిత ఆ భాషలోనే చెప్పింది.

"కార్డు పిలుస్తానే ఉందత్తా. మనం వేరే వీధిలో తలుపు దగ్గర చెవి పెట్టుకుని కూకున్నాం."

"మీ మావా అంతే. నంబరు అదే, వీధి వేరు. డ్రైవరు గారూ అని తలుపు బాదితే నర్సమ్మ బయటికొచ్చి కడిగేసింది."

ఏంజలిన్ నవ్వుతూనే ఇరవై నాలుగుకి ఆ ముప్పై రెండూ కలిపి యాభై ఆరు చేసింది. బోర్డు మళ్ళీ లేచింది. తెర మీద అక్షరాలు ఆగకుండా పారాయి. సుచరిత పక్కకు తిరిగింది. "దొరికిందే" అంది.

పెద్ద ఫైలు ఒకటి నకలు తీసి చూస్తే ఇంకో తప్పు బయటపడింది. మధ్యమధ్యలో పాత సమాచారం వస్తోంది. అది చూడగానే సుచరితకు అర్థమైంది. కార్డు కొత్త సమాచారం తెచ్చి మెమరీలో పెట్టినా, ప్రాసెసర్ తన దగ్గర దాచుకున్న పాత నకలునే చదువుతోంది. చదివే ముందు ఆ నకలును పారేయమనాలి. తన ప్రోగ్రాంలో ఆ మాట ఏ వరస తర్వాత రావాలో కూడా ఆమెకు తెలుసు. నోరు తెరవబోయేలోగా ఏంజలిన్ కంపెనీ యజమాని రాజ్ కిరణ్‌కు ఫోను కలిపింది. బోర్డు ఇక్కడికి తెచ్చిన సంగతి కూడా దాచకుండా జరిగిందంతా చెప్పి, సుచరితను మళ్ళీ తీసుకోమని అడిగి, ఫోను ఆమె చేతికిచ్చింది.

"బహుత్ అచ్ఛా దీదీ," అన్నాడతను. "ఆ రెండోది కూడా ఫోన్లో చెప్పెయ్యండి. ఇంట్లోంచే కదా, మీకూ సులువు."

"మరి నా కుర్చీ?"

"పాప చిన్నది కదా దీదీ. తర్వాత చూద్దాం."

"ఠీక్ హై. నేనూ తర్వాతే చెప్తాను."

దీన్ని పొగరు అనేవాళ్ళుంటారు. ఆఫీసులో కూర్చున్నవాడికి తెలిస్తే అది అనుభవం, ఇంట్లో ఉన్న ఆడదానికి తెలిస్తే అది సాయం. సాయానికి పేరుండదు, కుర్చీ ఉండదు. ఈ లెక్క ఎవరు వేశారో వాళ్ళనే అడగాలి, సుచరితను కాదు.

ఏంజలిన్ బోర్డును సంచిలో పెట్టుకుంది. సోమవారం అది ఆఫీసులో ఉండాలి. గేటు దగ్గర ఆగి, "ఆ రెండోది నేను ముట్టుకోనక్కా. నీదది," అంది.

"ముట్టుకో. ఆరోగ్య కేంద్రాల వాళ్ళేం చేసినారు పాపం? నువ్వు పట్టుకోగలవు. నాకు ఫోను మాత్రం చెయ్యకే."

"ఏం?"

"నువ్వడిగితే చెప్పేస్తాను."

ఆటో మలంచా రోడ్డు వైపు తిరిగింది. లోపలినుంచి పాప పిలుస్తోంది. సుచరిత ఇంకాసేపు గేటు దగ్గరే నిలబడింది, తన ఫోను చేతిలోనే పట్టుకుని.