మూరకో మొక్క

నర్సరీలో టమాట నారు ఎంచుతూ ఒక ఆకును వేళ్ల మధ్య నలిపాను. ఆ పచ్చి ఘాటు ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా పోలేదు. కొంపల్లి ఫ్లాటు బాల్కనీకి కుండీకొకటి చొప్పున నాలుగు మొక్కలు తెచ్చుకున్నాను. ఈ వాసన వస్తే అందరికీ పచ్చడి గుర్తొస్తుందేమో, నాకు సిగ్గేస్తుంది.

తొంభైల్లో మా ఇల్లు శామీర్‌పేట దగ్గర. పెరట్లో బావి పక్కన మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఏటా టమాటలు పెట్టేది. బజారులో దొరికే నున్నటి రకం కాదు. నిమ్మకాయంత ఉండి, గుమ్మడికాయకున్నట్టు చారలు తేలి, చింతపండు అక్కర్లేనంత పుల్లగా ఉండే కాయ. పెళ్లయి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన విత్తనమట. బాగా పండిన కాయల గింజలు తీసి, బూడిదలో కలిపి వంటింటి మట్టిగోడకు ఒత్తేది. అవి అక్కడే ఎండి, పొయ్యి పొగ తాగుతూ మళ్లీ వానలు పడేదాకా ఉండేవి.

నారు నాటేటప్పుడు అవ్వ మోచేయి నేలకానించి, వేలి కొస తగిలిన చోట గుంత తీసేది. మొక్కకూ మొక్కకూ మూర. “గాలి తిరగాలె బిడ్డా, ఊపిరాడకుంటె మనిషే బతుకడు,” అనేది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు నాయిన ఆ మట్టిగోడ పడగొట్టి ఇటుకలతో కట్టించాడు. అవ్వ ముందే గోడకున్న గింజలన్నీ గీకి, ఒక్కటి దాచకుండా నారు పోసింది. నారు ఎదిగే వేళకు ఆమెకు కంట్లో శుక్లం ఆపరేషన్ పడింది. నెల రోజులు వంగొద్దన్నారు. ఆసుపత్రికి పోయే ముందు తన మూరకు సరిగ్గా ఒక కంది కట్టె నరికి నా చేతికిచ్చింది.

“గీ కట్టె వెట్టి కొలువు. మడిల ఇరవై వడ్తయి. మంచియి వెట్టి మిగిలినయి పారెయ్యి. ఇగ ఇత్తనం లేదు, పైలం.”

ఇరవై పెట్టాను. ఇంకా అన్నే మిగిలాయి, అన్నీ తలలెత్తి పచ్చగా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పలేదంటే సగమే నిజం. రెట్టింపు కాయలు కాయించి శభాష్ అనిపించుకోవాలని కక్కుర్తి. ఇద్దరి మధ్య ఒకర్ని కూర్చోబెట్టినట్టు అన్నిటినీ ఇరికించేశాను.

కంటికి ఆకుపచ్చ గుడ్డతో తిరిగొచ్చిన అవ్వ గడప మీద కూర్చుని అడిగింది.

“కట్టె వెట్టినవా?”

“వెట్టిన.”

“మిగిలినయి?”

“పారేసిన.”

అబద్ధం ఎంత జల్దీ వచ్చిందో నాకే ఆశ్చర్యం.

నెల తిరిగేసరికి మడిలో మట్టి కనబడనంత గుబురు. పక్కింటివాళ్లు “మస్తుగొచ్చిందే అవ్వా నీ తోట” అంటుంటే ఆమె మురిసిపోయేది, ఆమెను చూసి నేనూ. బతుకమ్మ ఇంకా పది రోజులుందనగా ముసురు పట్టింది. ఐదు రోజులు ఎండ లేదు. గుబురు లోపలి ఆకులు ఆరలేదు, నల్ల మచ్చలేసి జారిపోయాయి; పచ్చికాయలు తొడిమ దగ్గరే కుళ్లాయి. గింజకు పనికొచ్చే పండు ఒక్కటి కూడా మిగల్లేదు.

అవ్వ నల్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చింది. మెల్లగా కూర్చుని ఒక మొదలు దగ్గర మోచేయి ఆనించి చెయ్యి చాపింది. నడుమ ఇంకో కాడ అడ్డం తగిలింది. చెయ్యి తీయకుండా అట్లాగే ఉండిపోయింది.

నాయిన వచ్చాడు. “ఏమైందే అవ్వా?”

“ఏమైతది? ముసురుకు వోయినయి. వానకు ఎవ్వలేం జేస్తరు?”

నా పేరు ఎత్తలేదు, ఆ రోజూ, ఆ తర్వాతా. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తిట్టలేదు కనుక నేనూ ఒప్పుకోలేదు. తర్వాతి ఏళ్లలో బజారు నారు తెచ్చి నాటింది. కాయలు బాగానే కాసేవి, పచ్చడి నూరేటప్పుడు మాత్రం చింతపండు నానబెట్టుకునేది. నేను ఇంటర్‌కు వచ్చేసరికి పోయింది.

ఇప్పుడు ఆ ఇల్లున్న జాగాలో అపార్ట్‌మెంట్లు. బావి పూడ్చేశారు, మక్క చేన్లు ప్లాట్లయ్యాయి. మేడ్చల్ అంగట్లో చారల టమాట కోసం అడిగితే కూరగాయలమ్మే ముసలమ్మ నవ్వింది: “గవి ఇప్పుడేడున్నయమ్మా?” మా దిక్కున ఏం పోయినా పట్నం మింగేసిందంటాం, నేనూ అంటాను. ఆ టమాటను మాత్రం పట్నం ముట్టుకోలేదు. పోగొట్టింది నేనే.