జాంగడ్ మీద వచ్చిన మేజర్

వెంకటనర్సయ్య జన్మలో ఏ వస్తువునూ ఖాయంగా తెచ్చుకోలేదు. ఏది తెచ్చినా జాంగడే. అంటే నాలుగు రోజులు వాడి చూసి, నచ్చకపోతే వాపసిచ్చే షరతు. యూనివర్సిటీ పరీక్షల ఆఫీసులో గుమాస్తా అయిన ఆయన కనబడితే చాలు, తార్నాక దుకాణదారులు మంచి సరుకు లోపల దాచేసేవారు. ఆయన భార్య భూదేవి ఇరవయ్యేళ్ళుగా ఈ వరస చూసి చూసి విసిగిపోయింది. పెళ్ళి ఒక్కటి ఎట్లా ఖాయం చేసుకున్నాడో ఆమెకు అంతుబట్టదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో ఆయన రిక్షాలోంచి ఐదేళ్ళ బుల్‌డాగ్‌తో దిగాడు. పేరు మేజర్.

"ఏందయ్యా ఇది?"

"మెట్టుగూడల సామేలని రిటైర్డు రైల్వే గార్డుది. మోకాళ్ళు పట్టుకపోయి సాకలేకపోతున్నడు. నాలుగు రోజులు చూస్తమన్న."

"కుక్క గూడ జాంగడేనా?"

"ఖాయమని నేనెక్కడన్న?"

మేజర్ పగలు గురక పెడితే పక్క క్వార్టర్స్‌లో లెక్చరర్‌గారు కిటికీలు మూసుకునేవారు. దాని చొంగ తుడవడానికి ఇంట్లో పాతబట్టలు చాలలేదు. రోజూ సాయంత్రం వెంకటనర్సయ్య ఏదో వంక పెట్టి దాన్ని రిక్షాలో వాపసు తీసుకుపోయేవాడు. ఒకరోజు గురక, ఒకరోజు చొంగ, ఒకరోజు తోక పొట్టి.

"తోక మొదటిరోజు కనబడలేదా?"

"ఇయ్యాల్నే చూసిన."

గంటకల్లా ఇద్దరూ తిరిగొచ్చేవారు. ఇట్లా మూడు నెలలు. ఈలోగా భూదేవికి దానిమీద ప్రేమ పుట్టింది, అసలు బాధ అదే. రేపు ఉంటుందో లేదో తెలియని జీవికి రోజూ అన్నం కలపడం ఆమె వల్ల కాలేదు. ఆదివారం తానే గొలుసు పట్టుకుని రిక్షా ఎక్కింది. "ఉంచుకునుడో, ఇచ్చుడో, ఇయ్యాల తేల్చుకొస్త."

సామేలు ఇస్త్రీ చొక్కాతో, పాలల్లో నానేసిన రొట్టెతో వరండాలో కూర్చుని ఉన్నాడు. మేజర్ ఆయన ఒళ్ళోకి ఎక్కబోయింది. ఆమె ఒక్కతే రావడం చూసి ముసలాయన మొహం వాడిపోయింది.

"ఖాయం జేస్తందుకొచ్చినవా బిడ్డా? జేస్తే ఇగ మేజర్ నాది కాదు గద. సార్ మొదటిరోజే అన్నడు, 'నీ కుక్కను నేను తీసుకుంటలేను, చూస్తున్నంతే. రోజొక వంక తెస్త' అని. ఆ వంక కోసమే పొద్దటిసంది తయారై కూసుంట."

భూదేవికి మొగుడిమీద అంతులేని కోపం, అంతకన్నా ఎక్కువ ప్రేమ ఒక్కసారే కలిగాయి. మేజర్ మొహాన్ని ఎగాదిగా చూసింది.

"మూతి జర లోపలికున్నది, పెద్దయ్యా."

"అది పుట్టుకనే బిడ్డా."

"అట్లనా? అయితే ఇంకో నాలుగు రోజులు చూస్తం."

సామేలు పగలబడి నవ్వాడు. "రేపు చెవులు చిన్నగున్నయని చెప్పమను సార్‌కు. అదొక్కటే మిగిలింది."