బీరన్న హోటల్లో మంచి వంట నేరం

కొత్తకోట బీరన్నకు లోకంలో పడనివాళ్లు ఒక్కరే: తన హోటల్లో వంట బాగా చేసేవాళ్లు.

అన్నం మాడ్చినవాణ్ణి భుజం తట్టి ఓదారుస్తాడు. కారం గుప్పించినవాడికి తానే మజ్జిగ తెచ్చిస్తాడు. ఎవరి చేతిలోనైనా మటన్ కూర కుదిరిందా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. బీరన్న కాస్త షోర్వా అరచేతిలో వేసుకుని నాకి కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపు ఆయన మొహం తొలకరికి తడిసిన చేనులా మెత్తబడుతుంది. కళ్లు తెరిచాక మాత్రం ఉరుములే.

గిరి విషయంలో జరిగిందీ అదే.

"ఏందిర గిరిగా, ఉప్పు గింత సక్కగ పడ్డదేంది?"

"సక్కగ పడుడు తప్పా అన్నా?"

"నాకే ఎదురు మాట్లాడ్తవా? నడువ్ బయటికి! నువ్వు ముట్టిన గంజు నాకొద్దు. గది గుడ తీస్కపో!"

బీరన్న తోసిన తోపుకు, మూతికి గుడ్డ బిగించి కట్టిన కూర వండే పెద్ద రాగి గంజు దబదబ దొర్లుకుంటూ హైవే ఎక్కింది. బెంగళూరు బస్సు కీచుమంటూ ఆగింది. ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుండగా, గిరి ఏడ్చుకుంటూ గంజు వెంట పరుగెత్తాడు.

నిరోష రొట్టెలు మరీ గుండ్రంగా చేసిందని వెళ్లగొట్టాడు. బక్కయ్య పెట్టిన బోటి కూర వాసనకు లారీలు ఆగుతున్నాయని, దుమ్ము లేస్తోందని వెళ్లగొట్టాడు. ప్రతిసారీ ఒక గంజు రోడ్డున పడేది. రాగి గిన్నెల లోపల తగరం పూత పూసే కళాయి సాయెబు హోటల్ ముందు కొలిమి తిత్తి ఊదుతూ కూర్చున్నాడంటే రేపోమాపో ఎవరికో మూడిందని ఊరికి తెలుసు. ఆ రెండూ ఎందుకు కలిసొస్తాయో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. వెళ్లిన ప్రతివాడూ పంతం పట్టి అదే రోడ్డు మీద హోటల్ తెరిచేవాడు. బీరన్నకు మిగిలింది ఆ పాత బెంచీలే.

ఇదంతా చూసి సిగ్గుతో చచ్చిపోయేవాడు మేనల్లుడు నాగేందర్. హైదరాబాద్‌లో వ్యాపార పాఠాలు చదివి వచ్చాడు. ఇక్కణ్ణుంచి పట్నం దాకా మామ పేరుతో బోర్డులు వెలగాలని అతని కల. ఆ కలలో బోర్డులన్నీ వెలిగేవి, మామ ఒక్కడే మసకగా ఉండేవాడు.

"మామా, బిజినెస్ పెరగాలంటె మంచి పనోళ్లను నిలుపుకోవాలె."

"నిలుపుకుంటె పెరుగుతరా?"

"బిజినెస్ పెరుగుతది."

"నేనడిగింది పనోళ్ల సంగతిరా అల్లుడా."

చివరికి హోటళ్లలో పెట్టుబడి పెట్టే అశోక్‌కుమార్‌ను నాగేందర్ ఎంతో బతిమాలి రప్పించాడు. "దండం పెడ్త మామా, ఇయ్యాల ఎవర్నీ తిట్టకు" అని పొద్దున్నే మాట తీసుకున్నాడు. "నాకేమన్న పిచ్చా?" అన్నాడు బీరన్న. బయట కళాయి సాయెబు సామాను సర్దుకుని వెళ్లిపోతున్నాడు. నాగేందర్ చూడలేదు.

అశోక్‌కుమార్ కూర్చున్నాడో లేదో, లోపల బీరన్న కళ్లు మూసుకుని తెరిచాడు.

"పుష్పా! బొక్క ఇడిచి కండ గింత మెత్తగ ఊడొస్తదా? నా గిరాకీ పండ్లు పాడుగావాల్నా? నడువ్!"

"అన్నా, మెత్తగ ఉడకాల్నని నువ్వే అంటివి గద!" అని పుష్ప ఏడుస్తుండగానే గంజు దొర్లింది. అది అశోక్‌కుమార్ బూటుకు తగిలి, మలుపు తిరిగి రోడ్డెక్కింది.

"ఈయన మీకేమవుతారు?" అన్నాడాయన దెబ్బ తగిలిన కాలు పట్టుకుని.

నాగేందర్ చెవులు కాలిపోయాయి. "దూరపు చుట్టం సార్. జర మెంటల్."

గంటె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు బీరన్న. తండ్రి లేని ఈ పిల్లాణ్ణి గొంగడిలో చుట్టి గొర్ల మంద వెంట మోసినవాడు. మొహంలో ఏమీ కనపడనీయలేదు. "అవును సారూ, దూరపు చుట్టమే. పట్నంల ఉంటడు" అన్నాడు మర్యాదగా.

ఆకలి తీరలేదని ఇద్దరూ కాస్త ముందున్న గిరి హోటల్‌కు వెళ్లారు. అక్కడ పుష్ప ఆ గంజు మీదే కూర్చుని బీరన్న ఏడు తరాలనూ తిడుతోంది.

"తిట్టుడు ఆపి మూతిగుడ్డ ఇప్పు చెల్లె" అన్నాడు గిరి నవ్వుతూ. "నేను గుడ గిట్లనే తిట్టిన. కడుగుదమని గుడ్డ ఇప్పితె నోరు వడిపోయింది."

పుష్ప గుడ్డ విప్పింది. లోపల కొత్త కళాయి వెన్నెల పోసినట్టు తెల్లగా మెరిసింది. అడుగున మసాలా మూట, దానికి ముడేసిన తాళంచెవి ఉన్నాయి.

"గా పంక్చర్ షాపు పక్క షట్టర్ నీదే. జాగా నిన్ననే అన్న మాట్లాడిండు. ఎంబడి నేనే వోయిన. అడిగితె ఒప్పుకోడు, మల్ల గంటెతోని కొడ్తడు."

అశోక్‌కుమార్ ముద్ద నోట్లో పెట్టుకుని, బయట వరసగా ఉన్న హోటళ్లనూ వాటి ముందు ఆగిన బస్సులనూ చూశాడు. "ఒక్క హోటల్ కోసమైతే ఎవరాగుతారు? ఇంతమంది ఉన్నారు కాబట్టే ఈ రోడ్డున బస్సులు ఆగుతున్నాయి. మీ దూరపు చుట్టం మీకంటే బాగా చదువుకున్నాడండీ."

నాగేందర్ ముద్ద పళ్లెంలో వదిలేసి లేచాడు.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల ఎత్తితే గోడల మీది మసి కూడా తనకేసే చూస్తున్నట్టుంది.

"మామా..."

"గోపా, దూరపు చుట్టం వచ్చిండు. ఛాయ పొయ్యి" అని లోపలున్న భార్యకు కేకేశాడు బీరన్న.

"తప్పయింది మామా. కాని గా పంపేదేదో మంచిగ పంపొచ్చు గద?"

బీరన్న గంటెకంటిన మాడు గీకసాగాడు. దొరికిపోయిన సిగ్గు ఆయనది. "నేను పనిజేసిన శేటు నన్ను మస్తు మంచిగ జూసిండుర. పండుగకు బట్టలు పెట్టె, నోరార కొడుకా అని పిలిచె. గట్ల జూస్తె యాడికి వోబుద్ధైతది? ఎంటికలు నెరిసేదాక ఆడ్నే గంటె తిప్పిన. గందుకే తిడ్త."

"తిట్టిన పొద్దు బుక్క ముట్టడు గని!" అంది లోపల్నుంచి గోపమ్మ.

మర్నాటి నుంచి నాగేందర్ ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు. కూర మాడితే "శభాష్ అల్లుడా!" అనేవాడు బీరన్న. ఆ శభాష్ విన్న ప్రతిసారీ అతని తల పొయ్యిలోకి వాలిపోయేది. తిట్టు తినే రోజు కోసం ఎదురుచూపుల్లోనే వానకాలాలు గడిచాయి.

ఒక పొద్దున హోటల్ ముందు కళాయి సాయెబు తిత్తి ఊదాడు. మధ్యాహ్నానికి బీరన్న, అల్లుడు వండిన షోర్వా అరచేతిలో వేసుకుని నాకాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ తెరవలేదు.

తెరిచేసరికి నాగేందర్ గంజు భుజానికెత్తుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మం దాటుతున్నాడు.

"జర ఆగరాదుర!" అని అరిచాడు బీరన్న, తలగుడ్డతో కళ్లు తుడుచుకుంటూ. "తిట్టు యాదికొస్తలేదు!"