కొసరు పూత

వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందం లేని పూత మీద కూడా కొసరు రాబట్టిన మొనగాణ్ణి మీరు చూసి ఉండరు. ఆ మొనగాడు నేనే. సదాశివపేటలో కిరాణా కొట్టు వెనక పెరిగాను. కొసరు లేకుండా కొంటే మా ఇంట్లో అది బేరమే కాదు.

ఆ చదువుతోనే పటాన్‌చెరులో స్టీలు కోసే ఒక్క మిషనుతో షెడ్డు పెట్టాను. గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ నమూనాగా ఇరవై స్టీలు ముక్కలు చేసిమ్మంది. నచ్చితే ఏడాదంతా పని. ఒకటే షరతు, కోతలో చుక్క నూనె తగలకూడదు. నూనె లేకపోతే కట్టర్ నిప్పులా కాలిపోతుంది. అందుకే దానికి వేడిని ఓర్చే గట్టి పూత వేయిస్తారు.

పూత వేసే సుబ్బారావుగారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవారు. నమూనా కట్టర్ ఒకటి నా చేతిలో పెట్టారు. ఎండకు తిప్పితే నేరేడుపండు రంగు, ఇంకాస్త తిప్పితే పావురం మెడ. ఆ మెరుపులో నాకు రెండో మిషను కనిపించింది, దాని పక్కన మూడోది కూడా. ఇంత పెద్ద కలకు అంత పలచటి పూతా?

"సార్, జెర మందంగ కొట్టుండ్రి. కొసరు అనుకోండ్రి."

"పలచగా ఉంటేనే నిలబడుద్దండి. మందమైతే అంచు మొద్దుబారుద్ది, పెచ్చులూడుద్ది. ఇది దోసె కాదు బాబూ."

నేను కదల్లేదు. ఆయన ఖర్చుతో రెండు టీలు తాగాను, రెండుసార్లు అలిగి గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. చివరికి ఆయన విసిగిపోయి, తనకు పూచీ లేదని నాతో చీటీ రాయించుకుని, అదే ధరకు నేను తెచ్చిన నాలుగు కట్టర్లకూ రెండింతలు వేశారు. ఇంటిదారిలో నా బండి చక్రాలు నేలకు తగిలిన గుర్తు లేదు.

మా ఆపరేటర్ దావీదు వేలితో అంచు తడిమాడు. "అన్నా, గిది కోస్తదా, నాకుతదా?"

"కొత్తది గద, సర్దుకుంటది. నడుపు."

చెప్పుల దుకాణంలో చెప్పే మాట అది. కట్టర్ మొదటి ముక్క మీద అరిచింది. రెండో ముక్కకు పూత నానిన గోడ సున్నంలా లేచింది. మిగతా మూడు కట్టర్లదీ అదే తీరు. కిటికీ ఎండలో నేరేడు రంగు పొట్టు మిలమిలా తేలుతుంటే, నా రెండో మిషను, మూడోది కూడా దాని వెంటే మెల్లగా తేలిపోయాయి. చూడటానికి ఎంత అందంగా ఉందో!

కట్టర్లు పట్టుకుని మళ్ళీ సుబ్బారావుగారి దగ్గరికే వెళ్ళాను. వెంట వచ్చిన దావీదు నన్ను ఆయన గేటు బయటే ఆపాడు. "ఈసారి నువ్వేం మాట్లాడకు అన్నా."

కనుక త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. టమాటాలకు అడుగుతాను, మూర మల్లెపూలకు అడుగుతాను. కంటికి కనిపించనిదానికి మాత్రం ఈ జన్మలో కొసరు అడగను.

ఇక దాచకుండా లెక్క. పాడైన ముక్కలు ఆరు. ఏడాది పని పక్క షెడ్డుకు పోయింది. పూతకు రెండు వేలు. కొసరుకు ఆయన పైసా తీసుకోలేదు. ఆ కొసరును ఊడదీసినందుకు మూడు వేలు.