సుగుణ మేడమ్ పుస్తకాలకు పెట్టిన బొట్లు

నేను రాసేదాంట్లో తప్పులు చాలా ఉంటాయి. ఐదో తరగతి దాకా చదివాను, అదీ సగంలోనే ఆపేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. ముందే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఇవాళ పొద్దున అద్దం తుడుస్తుంటే నా కోడలు దానికి అతికించిన బొట్టుబిళ్ల నా వేలికి అంటుకుంది. బిళ్ల పోయింది కానీ జిగురు పోలేదు. ఆ జిగురును చీర కొంగుకు రుద్దుతూ ఉంటే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. ఆమె ఎవరో మీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

అల్వాల్‌లో ఒక బడిలో నేను ఆయాగా పని చేశాను. ఊడవడం, గంట కొట్టడం, చిన్నపిల్లలను చూసుకోవడం నా పని. సుగుణ మేడమ్ వాళ్లది గుంటూరు వైపు. కాప్రాలో ఇల్లు కట్టుకుని ఉండేవారు. బడిలో నన్ను "మీరు" అని పిలిచింది ఆమె ఒక్కరే. మొదట్లో నన్ను కాదేమో అనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని. ఆమెకు పుస్తకాల గది అప్పజెప్పారు. చదవలేని పిల్లలను అన్నం బెల్లు తర్వాత అక్కడికి పిలిచేవారు. ఒక స్టీలు గిన్నెలో చింతగింజలు పెట్టుకునేవారు. పిల్ల ఒక పేజీ పైకి చదవాలి. ఒక మాట దగ్గర ఆగితే మేడమ్ ఏమీ అనకుండా ఒక గింజ తీసి బల్ల మీద పెట్టేవారు. ఒకటో రెండో గింజలైతే ఆ పుస్తకం మరీ తేలిక. మూడు నాలుగైతే ఇంటికి తీసుకుపోవచ్చు. నాలుగు దాటితే పుస్తకం మూసేసి, "ఇది ఇంకా మాగలేదమ్మా, కొన్నాళ్లు పక్కన పెడదాం" అనేవారు. నీకు రాదు అని ఎవరితోనూ అనలేదు. తప్పంతా పుస్తకం మీదికే నెట్టేవారు.

ఆ పిల్లల్లో లావణ్య అని ఆరో తరగతి పిల్ల ఉండేది. వాళ్ల నాన్న తిరుమలగిరిలో ఆటో నడిపేవాడు. వయసుకు మించిన పొడుగు, నోరు కూడా ఎక్కువే, కానీ చదువు రాదు. దసరా సెలవుల లోపు ఒక పేజీ చదివి వినిపించకపోతే మూడో తరగతిలో కూర్చోబెడతానని పెద్దసార్ చెప్పారు. ఆ తరగతిలో దాని తమ్ముడున్నాడు. "వాని పక్కన కూసోబెడితే బడికే రాను ఆయమ్మా. ఇంట్ల బోళ్లు తోముకుంట ఉంటా" అంది నాతో. అన్నంత పనీ చేసే పిల్లే.

ఒకసారి నాకు జ్వరం వచ్చి వారం రోజులు బడికి పోలేదు. తిరిగి వెళ్లిన మర్నాడే తనిఖీ ఉందన్నారు. పుస్తకాల గది తుడుద్దామని పోతే ప్రతి పుస్తకం అట్ట మీద ఒక బొట్టుబిళ్ల కనిపించింది. పచ్చవి, పసుపువి, ఎర్రవి. ఆడపిల్లలు బాత్రూం తలుపుకు, కిటికీలకు అంటించేవాటిని రోజూ గీకేది నేనే. ఇది కూడా వాళ్ల పనే అనుకున్నాను. కొబ్బరినూనె రాసి, గుడ్డతో రుద్ది, సాయంత్రానికి అన్నీ పీకేశాను. మేడమ్ మెచ్చుకుంటారని ఆశగా నిలబడ్డాను.

"యాదమ్మా, బిళ్లలు ఏమయ్యాయండీ?"

"మొత్తం సాఫ్ చేసిన మేడమ్. ఈ పోరగాండ్లు ఏడ పడితే ఆడ అంటిస్తున్నరు. జెర తక్లీఫ్ అయింది గానీ ఒక్కటి సుత మిగల్లే."

మేడమ్ స్టూలు మీద కూర్చున్నారు. "అవి అతికించింది నేనేనండీ" అన్నారు. తేలికవాటికి పచ్చ, నడిమి వాటికి పసుపు, కష్టమైనవాటికి ఎరుపు. ఒక్కో పుస్తకాన్ని నలుగురైదుగురు పిల్లలతో చదివించి, గింజలు లెక్కపెట్టి, నేను లేని వారంలో అతికించారట. ఆ లెక్కే నెలల పని. నూనెగుడ్డ వెనక్కి దాచుకున్నాను. ఆమె, "మీరు ఎంతదాకా చదివారు?" అని అడిగారు.

"ఐదు. అది సుత పూర్తిగ కాలే."

"అయితే మీరే చదవాలి. ఏ మాట కష్టమో నాకు తెలియడం లేదు. నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి."

ఆ మర్నాటి తనిఖీ అయిపోయాక రోజూ అన్నం బెల్లులో నేను చదవడం, ఆమె గింజలు పెట్టడం. చెమటలు పట్టేవి. ఒకరోజు ఒక మాట దగ్గర ఆగిపోయాను. గుమ్మంలో లావణ్య కిసుక్కుమంది.

"ఏంది ఆయమ్మా, నీకు సుత రాదా?"

"నాకేడికెళ్లి వస్తదే? నీకొస్తే నువ్వు చెప్పరాదు!"

అది వచ్చి నా పక్కన కూర్చుంది. దానికీ రాలేదు. ఇద్దరం వేలు పెట్టి, ముక్కలు ముక్కలుగా లాగి, చివరికి బయటికి తెచ్చాం. ఆ రోజు లావణ్య ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయింది. అంతకు ముందు ఎన్నిసార్లు ఇచ్చినా తీసుకోని పిల్ల. ఎందుకని అడిగాను.

"పచ్చబిళ్లది పట్టుకుంటే మావోళ్లంత పసిపోరల బుక్కని నవ్వుతుండె. గిప్పుడు ఎవ్వలకు ఎర్కైతది?"

ఈ సంగతి మేడమ్‌కు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. "అది నాకు తట్టలేదు యాదమ్మా" అన్నారు. కొత్తగా కొన్న బిళ్లల ప్యాకెట్లు సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయారు. తర్వాత ఏ పుస్తకం ఎవరికో ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. పుస్తకాల మీద మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు.

సెలవుల ముందు రోజు లావణ్యను పెద్దసార్ గదికి పిలిచారు. నేను చాయ్ తీసుకుని పోయాను. పుస్తకం లావణ్యే ఎంచుకుంది, ఒక మేకపిల్ల కథ.

"ఇది చిన్న పుస్తకం కదమ్మా?" అన్నారు పెద్దసార్.

"పేజీ అన్నారు సార్. ఏ పుస్తకమో చెప్పలేదు" అన్నారు మేడమ్.

నాలుగో వరుసలో లావణ్య ఆగిపోయింది. వేలు మాట కిందే ఉంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. ఆ మాట అందించబోతూ పెద్దసార్ నోరు తెరిచారు. అందిస్తే అది చదివినట్టు లెక్కలోకి రాదు.

"ఆగుండ్రి సార్, ఆ పిల్లనే చెప్తది" అన్నాను.

అన్నేళ్లలో నేను పెద్దసార్‌కు ఎదురు చెప్పింది అదొక్కసారే. ఆయన నన్ను చూశారు. మేడమ్ తల వంచుకున్నారు. చాయ్ మీద మీగడ కట్టేదాకా ఎవరం మాట్లాడలేదు. అప్పుడు లావణ్య ఆ మాట అంది. మిగిలిన పేజీ కూడా నెమ్మదిగా చదివేసింది. "సరే, ఆరులోనే కూసో. ఇంకా మస్తు చదవాలె" అన్నారు పెద్దసార్. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది బయటికి పోయి వాళ్ల తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది.

మరుసటి ఏడు మేడమ్‌కు బదిలీ అయింది. ఇప్పుడు ఎక్కడున్నారో నాకు తెలియదు. నా మనవరాలు బస్సులో కూర్చుని దుకాణాల బోర్డులు చదువుతుంది. మధ్యలో ఆగిపోతుంది. ఆ మాట నా నాలుక మీదికి వస్తుంది. నోరు మూసుకుని కూర్చుంటాను. ఒక్కోసారి బోర్డు వెనక్కి పోయి, ఇంకో స్టాపు వచ్చాక చెబుతుంది. మేడమ్ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే.

ఇది చదువుతూ మీరు ఎక్కడైనా ఆగిపోయి ఉంటే ఆ తప్పు నాది, మీది కాదు. పెద్ద మనసుతో నన్ను మన్నించండి.